పట్టణ బహిరంగ స్థలాలు – దీర్ఘకాలిక వ్యాధుల నివారణ: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్

మధుమేహం, అధిక రక్తపోటు వంటి దీర్ఘకాలిక వ్యాధుల నివారణను వ్యక్తి క్రమశిక్షణకు సంబంధించిన అంశంగానే చూడటం పరిపాటి. అయితే పట్టణ నిర్మాణానికీ ఇందులో ప్రధాన పాత్ర ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో మధుమేహ బాధితుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని గ్లూకోజును అధికంగా గ్రహిస్తాయి. ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుంది. నడక మానితే కొద్ది రోజుల్లోనే ఈ మేలు తగ్గిపోతుంది. కనుక నడిచే చోటు ప్రతిదినం చేరుకోగలిగినంత చేరువలో ఉండాలి.

2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైన ఈ మూడు పట్టణాలలో విశాల స్థలాలు పూర్వం నుండే ఉన్నాయి. గద్వాలలో కోట, వనపర్తిలో సంస్థానాధీశుల రాజభవనం, నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం చెరువు అటువంటివి. కోటలో డిగ్రీ కళాశాల, రాజభవనంలో పాలిటెక్నిక్ వెలశాయి. పాలకుల ఆవరణలు ఆ విధంగా ప్రజల విద్యకు తెరుచుకున్నాయి. బోధన వేళలకు వెలుపల వాటిని నడకకు వినియోగించే అవకాశం పరిశీలించదగినది.

స్థలం ఉండటం ఒక్కటే చాలదు. పాలమూరు ఎండలకు నీడ, స్త్రీలకు చీకటి పడ్డాక వెలుతురు, వృద్ధులకు కూర్చునే అరుగులు, మరుగుదొడ్లు అవసరం. తెలంగాణ పురపాలక చట్టం–2019 పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం కేటాయించాలని నిర్దేశించింది. ఆ మొక్కలు కాలిబాటల వెంట పెరిగితే ఆ వ్యయం ఆరోగ్యానికీ పెట్టుబడి అవుతుంది. ఉద్యానవనాల సంఖ్య కన్నా, పగలంతా పనిచేసిన స్త్రీ సాయంత్రం అక్కడ నిర్భయంగా నడవగలుగుతున్నదా అన్నదే సరైన కొలమానం.