రాతిలో దాగిన సముద్రం

హైదరాబాదు నగరంలో అమీర్‌పేట, పంజాగుట్ట నిత్యం జనసమ్మర్దంతో కిటకిటలాడే ప్రాంతాలు. అక్కడ భవనాలకు పునాదులు తవ్వేవారికి నేల అడుగున ఎదురయ్యేది గ్రానైటు శిల. పంజాగుట్ట పేరులోని ‘గుట్ట’ అనే మాటే ఆ నేల స్వభావాన్ని తెలుపుతున్నది. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో ద్రవరూపంలో ఉన్న శిలాపదార్థం మెల్లగా చల్లారి గట్టిపడగా ఏర్పడినది కనుక ఇందులో జీవుల అవశేషాలు ఉండవు. కాని ఈ నగరానికి పడమట వికారాబాదు పరిసరాలలోను, తూర్పున గోదావరి తీరంలోని రాజమహేంద్రవరం వద్దను ఉన్న శిలలు ఇందుకు భిన్నమైనవి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమిపై జీవజాలాన్ని తుడిచిపెట్టిన ఒక మహావిపత్తు నాటి ఆనవాళ్లు వాటిలో నిలిచి ఉన్నాయి. ఆ విపత్తుకు, దక్కనులో పొంగిన లావాకు గల కాలసంబంధాన్ని తేల్చడంలో తోడ్పడినవి రాక్షసబల్లుల ఎముకలు మాత్రమే కావు. కంటికి ఆనని సముద్రజీవుల గుల్లలు అందులో ప్రధాన సాక్ష్యంగా నిలిచాయి.

భూమి చరిత్రలో 25.2 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసిన కాలాన్ని మధ్యజీవ మహాయుగం అంటారు. ట్రయాసిక్, జురాసిక్, క్రెటేషియస్ అనేవి ఇందులోని మూడు యుగాలు. ఈ మహాయుగం ముగియవచ్చిన సమయంలో పశ్చిమ భారతంలో నేల పగుళ్ల నుండి లావా వెల్లువలా పొంగి దక్కను పీఠభూమిని పొరలు పొరలుగా కప్పింది. అలా గట్టిపడిన నల్లరాతి పొరలే దక్కను ట్రాప్‌లు. ఆ కొండల వాలు మెట్లమెట్లుగా కనిపిస్తుంది కనుక, మెట్లు అనే అర్థం గల స్వీడిష్ పదం నుండి వాటికి ఈ పేరు వచ్చింది. రెండు లావా ప్రవాహాల నడుమ విరామం దొరికినప్పుడు మడుగులలోను, తీరాలలోను మట్టి, సున్నం పేరుకొని పలుచని పొరలు ఏర్పడ్డాయి. తరువాత వచ్చిన లావా వాటిని కప్పి భద్రపరచింది. వీటిని ఇంటర్‌ట్రాపియన్ పొరలు, అనగా ట్రాప్‌ల నడిమి పొరలు అంటారు.

వికారాబాదు సమీపంలోని నస్కల్ వద్ద ఇటువంటి పొరలో దొరికిన ఒక చిన్న క్షీరదపు దంతాలను గురించి జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో లోకానికి వెల్లడించారు. భారతదేశంలో క్రెటేషియస్ యుగపు క్షీరదం వెలుగులోకి రావడం అదే మొదలు. నస్కల్ పొర మంచినీటి మడుగులో ఏర్పడినది. రాజమహేంద్రవరం సంగతి వేరు. దక్కను లావా ప్రాచీన నదీలోయల వెంట దాదాపు వేయి కిలోమీటర్లు ప్రవహించి నాటి తూర్పు సముద్రతీరాన్ని చేరిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అందువల్ల అక్కడి నడిమి పొరలో సముద్రజీవుల అవశేషాలు చేరాయి.

సముద్రంలో రాయి ఎలా పుడుతుంది? కోస్తా ప్రాంతంలో గుల్లలను బట్టీలలో కాల్చి గుల్లసున్నం తయారుచేయడం తరతరాలుగా ఉన్నదే. గుల్ల కాలి సున్నమవుతున్నదంటే, అది కాల్షియం కార్బొనేటుతో నిర్మితమైనదని అర్థం. సున్నపురాయి కూడా ఆ పదార్థమే. దానిపై పలుచని ఆమ్లపు చుక్క వేస్తే బుసబుస పొంగడం రసాయనశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు చూసేదే. నత్తలే కాక, వాటికంటె ఎంతో అల్పమైన జీవులు కూడా సముద్రజలం నుండి ఈ పదార్థాన్ని గ్రహించి దేహరక్షణకు వాడుకుంటాయి. వాటిలో శైవలాలు, ఫొరామినిఫెరా ముఖ్యమైనవి.

డేసీక్లాడ్ వర్గానికి చెందిన శైవలాలు వెచ్చని, లోతులేని సముద్రాలలో పెరుగుతాయి. ఒక్కొక్క మొక్క ఒకే కణంతో ఏర్పడినా కొన్ని సెంటీమీటర్ల ఎత్తు ఎదుగుతుంది. నడిమి కాడ చుట్టూ వలయాలుగా సన్నని కొమ్మలు, వాటిని కప్పుతూ సున్నపు తొడుగు ఉంటాయి. మొక్క నశించినా తొడుగు మిగులుతుంది. కొమ్మలు ఉన్నచోట రంధ్రాలు నిలుస్తాయి. ఆ రంధ్రాల అమరికను బట్టి జాతిని గుర్తిస్తారు. ఫొరామినిఫెరా ఏకకణజీవులు. రంధ్రాలు కలవి అని ఆ పేరుకు అర్థం. వీటి గుల్లలు అరలు అరలుగా ఉంటాయి. కొన్ని జాతులు సముద్రపు అడుగున, మరికొన్ని నీటిలో తేలుతూ జీవిస్తాయి.

సముద్రపు అడుగునేల మెల్లగా కుంగుతూ ఉండగా, ఈ జీవుల సున్నపు అవశేషాలు ఆ మేరకు పేరుకుంటూ వస్తే, నీటిలోతు పెరగకుండానే రాతిమందం పెరుగుతుంది. ఇలా ఏర్పడిన విశాలమైన సున్నపురాతి తిన్నెలను కార్బొనేట్ వేదికలు అంటారు. మధ్యజీవ మహాయుగంలో ఇవి విస్తారంగా వెలిశాయి. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో వేయి మీటర్లకు మించిన మందంతో నిలిచిన ట్రయాసిక్ సున్నపురాళ్లు అటువంటివే. వాటిలోని శైవలాలను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు జూలియస్ పియా జీవితకాలం పరిశోధించాడు.

ఆయన దృష్టి గోదావరి తీరం వైపు కూడా మళ్లింది. రాజమహేంద్రవరం చెంతనున్న కాతేరు, నదికి ఆవలి గట్టున ఉన్న పంగిడి ప్రాంతపు శిలాజాలను స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే వర్ణించాడు. 1930వ దశకంలో ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు అక్కడి సున్నపురాయిని కాగితంకన్న పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. ఫొరామినిఫెరాతోపాటు డేసీక్లాడ్ శైవలాలు అందులో కనిపించాయి. పియాతో కలసి వారు ఆ శైవలాలపై రాసిన పరిశోధన 1937లో వియన్నాలో ప్రచురితమైంది. సూర్యకాంతి అందే లోతులేని వెచ్చని సముద్రం ఒకనాడు అక్కడ ఉండేదని ఈ శైవలాలు నిరూపించాయి. అయితే ఆ సున్నపు పొర ఆల్ప్స్ రాళ్లవలె ఎదగలేదు. కొన్ని మీటర్ల మందం చేరేలోగా మరొక లావా వెల్లువ దానిని కప్పివేసింది.

ఈ పరిశోధన వెనుక ఒక పెద్ద వివాదం ఉన్నది. దక్కను ట్రాప్‌లు క్రెటేషియస్ యుగానివా, లేక దాని తరువాతి టెర్షియరీ కాలానివా అని బీర్బల్ సాహ్ని 1934లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రశ్నించాడు. శిలాజాలను బట్టి ఆయన టెర్షియరీ పక్షం వహించాడు. ట్రాప్‌లతో ముడిపడిన పొరలలో రాక్షసబల్లుల అవశేషాలు దొరకడం ఎదుటి పక్షానికి బలమైంది.

తేదీ లేని శాసనం దొరికినప్పుడు పండితులు లిపి పరిణామాన్ని బట్టి దాని కాలాన్ని నిర్ణయిస్తారు. నన్నయ భారతరచనకు పూనుకొన్న రాజమహేంద్రవరం వద్దనే భూగర్భ శాస్త్రజ్ఞులు అటువంటి పద్ధతినే శిలలపై ప్రయోగించారు. తేలియాడే ఫొరామినిఫెరా జాతులు త్వరగా మారుతూ, సముద్రాలన్నింటా వ్యాపిస్తాయి కనుక అవి కాలసూచికలుగా ఉపకరిస్తాయి. క్రెటేషియస్ చివర గ్లోబోట్రుంకానా వంటి పెద్ద, అలంకృతమైన గుల్లలు కనిపిస్తాయి. యుగాంతంలో అవి నశించాయి. ఆ వెంటనే మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే ఉండే నిరాడంబరమైన కొత్త గుల్లలు ప్రవేశించాయి. గెర్టా కెల్లర్, ఆమె సహపరిశోధకులు రాజమహేంద్రవరం ప్రాంతపు నడిమి పొరలో ఈ కొత్త గుల్లలను గుర్తించి 2008లో ప్రకటించారు. అనగా ఆ పొర టెర్షియరీ ఆరంభానిది, దాని కిందిలావా యుగాంతానికి అత్యంత సమీపకాలానిది, పైలావా తరువాతిది. 1934 నాటి ప్రశ్నకు రెండు పక్షాలూ పాక్షికంగా సత్యమేనన్న సమాధానం లభించింది. లావా యుగసంధిని దాటి ప్రవహించింది.

ఆ సంధికాలంలోనే మెక్సికోలోని చిక్సులూబ్ వద్ద గ్రహశకలం భూమిని ఢీకొన్నది. జీవనాశనానికి అదే ముఖ్యకారణమని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. దక్కను లావాతో వెలువడిన వాయువుల పాత్ర ఎంత అన్న చర్చ ఇంకా సాగుతున్నది. గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు సముద్రంలో కరిగితే నీటి ఆమ్లగుణం పెరిగి, జీవులు గుల్లలు కట్టుకోవడం కష్టమవుతుంది. నేడు ఇంధనాల దహనం వల్ల సముద్రాలలో జరుగుతున్నది ఇదే కనుక, ఆనాటి సముద్రపు చరిత్ర నేటి మానవునికి కేవలం పురాగాథ కాదు.

గోదావరికి కుడివైపున ఉన్న గౌరీపట్నం పరిసరాలలో రహదారుల కంకర కోసం నల్లరాయిని తవ్వడం వల్లనే ఈ పొర వెలుగులోకి వచ్చింది. తవ్వకం ముందుకు సాగేకొద్దీ అదే పొర చెదిరిపోయే ప్రమాదమూ ఉన్నది. శాసనం చెక్కిన రాయిని పగులగొట్టకూడదని అందరూ ఎరుగుదురు. అక్షరాలు కంటికి కనిపించని ఈ రాతిపొర పట్ల కూడా అంతటి గౌరవం కలగాలి. కొత్త పరికరాలతో, కొత్త ప్రశ్నలతో రాబోయే తరాలవారు పరీక్షించడానికి దానిలో కొంత భాగమైనా చెక్కుచెదరక మిగలడం అవసరం.