నాలుగు చక్రములు, మూడు ఆధారములు

మోయదగినదానికంటె బరువైన సరుకు నెత్తబోయి ఫోర్క్‌లిఫ్టు వెనుకచక్రములు నేలను విడిచినపుడు, ఇద్దరు హమాలీలను దాని వెనుకభాగముపై కెక్కించి పని గడుపుకొనుట కొన్ని గోదాములలో నేటికిని నేర్పరితనముగా చెల్లుచున్నది. అది నేర్పు కాదు, ప్రాణాపాయము.

ఏతము నెఱిగినవారికి ఈ యంత్రము కొత్తది కాదు. అచట దూలమునకు స్తంభ మెట్టిదో, ఇచట ముందు ఇరుసు అట్టిది. అచటి బాన ఇచటి సరుకు. దూలముపై నడచు మనిషికి బదులు ఇచట వెనుక బిగించిన పోత ఇనుపదిమ్మె. ఏతము త్రొక్కువాడు ముందు వెనుకల కడుగులు వేయుచు తూకమును సవరించుకొనును. దిమ్మెకు కాళ్లు లేవు గనుక సరుకు దూరమును మనమే హద్దులో నుంచవలయును. యంత్రముపై పలకలో 2000 కిలోలు, 500 మిల్లీమీటర్లు అని యున్న దనుకొందము; ఈ 500 ఫోర్కుల మొదలునుండి సరుకు గురుత్వకేంద్రమునకు గల దూరము. ఇరుసునుండి ఫోర్కుల మొదలు 450 మిల్లీమీటర్లైనచో, సరుకు గురుత్వకేంద్రమునకు మొత్తము దూరము 950. పొడవైన పెట్టె నెత్తగా ఆ 500 కాస్త 750 అయినచో మొత్తము 1200 అగును. అపుడు ఎత్తదగినది సుమారు 1583 కిలోలే. దూరమే నాలుగువందల కిలోలకు పైగా హరించినది! వెనుక నిలిచిన హమాలీలు ఏతముపై మనిషివలె తూకము నిలిపినట్లే కనబడుదురు; కాని వారిలో నొకడు జారినను, దుమికినను ఏమగునో ఏతగాండ్ర నడుగుడు. పైగా మాస్టును, గొలుసులును ఆ అదనపు బరువునకై చేసినవి కావు.

ఇక పక్కకు పడుట. సాధారణమైన నాలుగుచక్రముల ఫోర్క్‌లిఫ్టులో వెనుక ఇరుసు నడుమ నొక్క కీలుపై ఊగును. కావున ఆధారములు మూడే: ముందుచక్రములు రెండు, ఆ కీలు ఒకటి. సరుకు పైకెత్తి మలుపు తిరిగినచో, ఆ విసురునకు బరువు ఈ త్రిభుజమును దాటి యంత్రము ఒరగును. ఖాళీగా నున్నపుడు గురుత్వకేంద్రము త్రిభుజపు సన్నని కొనవైపునకు జరుగుటచే, వేగముగా తిరిగిన ఖాళీ బండియు బోర్లపడును.

ఆయుధపూజనాడు చక్రములక్రింద నిమ్మకాయలుంచువారు, తాము పూసిన పసుపుక్రింద పలకమీది అంకెలే మాసిపోవుట గమనింపరు.

సరుకును నేలకు జానెడెత్తున నుంచి, మాస్టును వెనుకకు వంచి నడపుడు. వాలుపై సరుకు ఎగువవైపే యుండవలయును. యంత్ర మొరిగినచో దుమకకుడు: పైకప్పు చట్రముక్రింద నలుగువారు పెక్కువేళ దుమికినవారే. సీటుబెల్టుతో, స్టీరింగును గట్టిగా పట్టి, పాదములు బిగబట్టి, పడువైపునకు వ్యతిరేకదిశగా ఒరుగుడు. సరుకు బరువైనచో రెండు విడతలుగా తరలింపుడు, లేదా పెద్ద యంత్రమును తెప్పింపుడు. మనిషిని మాత్రము తూకపురాయిని చేయకుడు.