రాత్రివేళ రహదారిపై రైతుబండి

వరికోతలు ప్రారంభమైన నాటినుండి మన ఎడ్లబండ్లును, ట్రాక్టర్లును రాత్రియనక పగలనక రహదారిపైననే యుండును. హైదరాబాదు, విజయవాడల నడుమనున్న 65వ నంబరు జాతీయ రహదారివంటి మార్గములందు లారీలు, కార్లు, మోటారు సైకిళ్లు, గొర్రెలమందలు అన్నియు నొక్క త్రోవనే పోవుచుండుట సభ్యులెరిగినదే.

ఈ చిన్న లెక్కను రైతులు గమనింపవలెను. గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు సెకనుకు 22 మీటర్లు సాగును. ఎదుటి అడ్డంకి కంటబడి, కాలు బ్రేకుపై పడులోపల ఒక సెకనైనను గడచును. పిమ్మట, పొడిరోడ్డుపైన సయితము, కారు నిలుచుటకు మరి 35 మీటర్లు కావలెను. వెరసి 57 మీటర్లకు తక్కువ కాదు. తడిరోడ్డుపై ఇంకను హెచ్చు. ఎదుటివారి కన్నులు చెదరకుండ దించిన దీపముల వెలుగున, టైరు పగిలి నిలిచిన దీపములేని ట్రెయిలరు అంతదూరమునుండి కానరాదు. కానవచ్చునప్పటికి సమయము మించిపోవును.

ట్రెయిలరు వెనుక ఎర్రని ప్రతిఫలన బిళ్లలుండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు చెప్పుచున్నవి. బిళ్లలుండవచ్చును; కాని వానిని బురద కప్పును, లేదా వ్రేలాడు గడ్డి కప్పును. వేలు పోసి ట్రాక్టరుకు పాటల పెట్టె బిగించుకొనువారు వెనుక బల్బు మార్చుటకు వెనుకాడుట మాకు వింతగా నున్నది.

బండి చెడినప్పుడు చుట్టును రాళ్లు పేర్చుట మనవారి వాడుక. బాగైన పిదప బండి పోవును, రాళ్లు మాత్రము రోడ్డుపైననే యుండును. చీకటిలో మోటారు సైకిలుపై వచ్చువాడు మన యూరివాడే కావచ్చును.

ధాన్యము ఆరబోయుటయు నిట్టిదే. కల్లములు చాలక రైతు రోడ్డునాశ్రయించుచున్నాడు; అతనిని నిందించి లాభము లేదు. కాని రాత్రి రాశిపై నల్లని టార్పాలిను కప్పి, అంచున బండలు పెట్టుట ప్రాణాంతకము. చీకటిపడక మునుపే రాశిని రోడ్డునుండి తీసివేయవలెను. సిమెంటు కల్లములకై సంఘములు పంచాయతీలను గట్టిగా అడుగవలెను.

ఇంతలో సంఘములు సులభముగా చేయదగిన పని యొకటి కలదు. ఎరువులకై గిడ్డంగికి వచ్చిన ప్రతి ట్రెయిలరు వెనుక పలకను తుడిచి, మెరయు ఎర్రపట్టీని అచ్చటనే అంటింపవచ్చును. ఎడ్లబండి కొయ్యకు పట్టీ నిలువదు గనుక, రేకుముక్కపై అంటించి మేకులతో కొట్టవలెను.