పాత ఫోను ఉంచాలా, భద్రత కోసం కొత్తది కొనాలా?



ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దుర్గ్ జిల్లాలో, భిలాయ్ ఉక్కు నగరానికి దక్షిణాన ఉతై అనే చిన్న పట్టణం ఉంది. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి చెందిన శిక్షణ కేంద్రం ఒకటి అక్కడ ఉంది. 1969లో ఏర్పడిన ఈ దళం ఉక్కు కర్మాగారాలకు, విమానాశ్రయాలకు కాపలా కాస్తుంది. ఎక్కడ కాపలా పెట్టాలన్నా ముందుగా తేల్చుకోవలసిన సంగతులు మూడు ఉంటాయి. దేన్ని కాపాడాలి? ఎవరి నుంచి కాపాడాలి? ఎంతకాలం కాపాడాలి? మన జేబులో ఉండే స్మార్ట్‌ఫోనుకు కూడా ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. ఎక్కువ భద్రత ఇస్తుందని చెబుతున్న కొత్త ఫోనుకు మారాలా, ఉన్నదానితోనే కొనసాగాలా అన్న విషయాన్ని ఈ పాఠంలో ఆ ప్రశ్నల సాయంతో పరిశీలిద్దాం.

భిలాయ్ కర్మాగారంలో పనికోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఉతైలో అటువంటి ఒక ఇల్లు ఉన్నదనుకోండి. తండ్రి వచ్చే ఏడాది పదవీ విరమణ చేస్తారు. ఆయన ఫోను కొని ఆరేళ్ళయింది. అద్దం పగలలేదు, మాట స్పష్టంగా వినిపిస్తోంది, ఛార్జింగు సాయంత్రం దాకా నిలుస్తోంది. "బాగానే పనిచేస్తోంది కదమ్మా, కొత్తది దేనికి?" అని కూతురిని అడుగుతారు. కాని భవిష్య నిధి, గ్రాట్యుటీ డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతాకు ఆ ఫోనే తాళంచెవి. యు.పి.ఐ. చెల్లింపులు, ఓ.టి.పి.లు, డిజిలాకరులోని పత్రాలు అన్నీ దానిలోనే ఉన్నాయి. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళ కష్టార్జితం ఆ చిన్న పెట్టె మీద ఆధారపడి ఉంది. ఆ అమ్మాయి ఏం జవాబు చెప్పాలి?

ఫోను పనిచేయడం ఒక విషయం, దానికి రక్షణ అందుతూ ఉండడం మరొక విషయం. భిలాయ్ విద్యార్థులకు ఇది తేలికగా అర్థమవుతుంది. బ్లాస్ట్ ఫర్నేసు లోపలి వైపు అగ్ని ఇటుకల పొర ఉంటుంది. బయట ఉక్కు కవచం చెక్కుచెదరకుండా కనిపిస్తున్నా లోపలి పొర ఏళ్ళ తరబడి అరుగుతూనే ఉంటుంది. అందుకే కొన్నేళ్ళకొకసారి ఫర్నేసును ఆపి ఆ పొరను మళ్ళీ కడతారు. అయితే ఈ పోలిక కొంతవరకే పనికివస్తుంది. ఫోనులోని సాఫ్ట్‌వేరు అరిగిపోదు. అందులో మొదటి రోజు నుంచీ ఉన్న లోపాలు ఒక్కొక్కటిగా లోకానికి తెలిసిపోతూ ఉంటాయి, అంతే.

2015 జూలైలో ఆండ్రాయిడ్ ఫోన్లలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. వీడియోలను చదివే భాగంలో ఉన్న తప్పు అది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక సందేశం పంపితే చాలు, ఫోనులోకి చొరబడే వీలుండేది. ఆ మరుసటి నెల నుంచి గూగుల్ సంస్థ ప్రతి నెలా భద్రతా ప్రకటన విడుదల చేయడం మొదలుపెట్టింది. ఏ లోపాలు దొరికాయో, వాటికి ఏ సవరణలు చేశారో అందులో ఉంటుంది. ఈ సవరణలనే ప్యాచ్‌లు అంటారు.

ఇక్కడొక చిక్కు ఉంది. ప్యాచ్ విడుదలైన క్షణం నుంచి అది మంచివాళ్ళకు ఎంత ఉపయోగమో దొంగలకూ అంత ఉపయోగం. సవరణకు ముందున్న సాఫ్ట్‌వేరును, తరువాతి దానిని పక్కపక్కన పెట్టి పోల్చితే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. ప్యాచ్ వేసుకున్న ఫోనుకు దీనివల్ల ప్రమాదం లేదు. వేసుకోని ఫోనుకు మాత్రం, గోడలో కన్నం ఎక్కడుందో ఎవరో పటం గీసి ఊరంతా పంచినట్లవుతుంది. పైగా గూగుల్ ఇచ్చిన సవరణ నేరుగా మీ చేతికి రాదు. చిప్ తయారీదారు, ఆ తరువాత ఫోను కంపెనీ దానిని తమ నమూనాకు తగినట్లు మలచాలి. ఫలానా నమూనాకు ఇక మలచేది లేదని కంపెనీ నిర్ణయించుకున్న రోజున ఆ ఫోనుకు రక్షణ ఆగిపోతుంది. ఆ రోజు ఫోను ఏ శబ్దమూ చేయదు. మరునాడు కూడా మామూలుగానే మోగుతుంది.

కాబట్టి ముందుగా సెట్టింగుల్లో ఫోను వివరాలు ఉండే చోటుకు వెళ్ళి "ఆండ్రాయిడ్ సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్" అనే పంక్తి చూడండి. దాని ఎదురుగా ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ రెండు మూడు నెలల లోపుదైతే కొత్త ఫోను గురించి తొందరపడవలసిన పని లేదు. ఏడాది క్రితందైతే ముందు అప్‌డేట్ ఏదైనా వేచి ఉందేమో చూడాలి. చాలా ఇళ్ళలో అప్‌డేట్ వచ్చి నెలలు గడిచినా "తరువాత" అనే బొత్తాం నొక్కుతూ ఉంటారు. ఏమీ వేచి లేకపోతే, ఆ నమూనాకు కంపెనీ రక్షణ ఆపివేసిందో లేదో వారి వెబ్‌సైటులో తెలుసుకోవాలి. ఆపివేసి ఉంటే, పైన చెప్పిన తండ్రిగారి ఫోను పాటలు వినడానికి, వంటింట్లో రేడియోలా పెట్టుకోవడానికి పనికివస్తుంది గాని బ్యాంకు ఖాతా దానిలో ఉండకూడదు. ఆ అమ్మాయి ఇచ్చే జవాబు ఆ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంటుంది. ఫోను అందం మీద, కెమెరా మీద కాదు.

కొత్తది కొనాలని తేలితే ఎంతకాలం రక్షణ ఇస్తారన్నది చూడాలి. 2021లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 6కు అయిదేళ్ళు భద్రతా సవరణలు ఇస్తామన్నారు. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు దానిని ఏడేళ్ళకు పెంచారు. 2024లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కు కూడా ఏడేళ్ళు ప్రకటించారు. అదే ఏడాది వచ్చిన, అంతకంటే చాలా చవకైన గెలాక్సీ ఏ16 5జికి ఆరేళ్ళ హామీ ఉంది. ఖరీదైనదే భద్రమైనదన్న మాట ఇక్కడ నిలవదని గమనించండి. ఈ ఏళ్ళను ఫోను మార్కెట్టులోకి వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఏడేళ్ళ హామీ ఉన్న నమూనాను మూడేళ్ళ తరువాత తగ్గింపు ధరకు కొంటే మీకు మిగిలేది నాలుగేళ్ళే. ధరను మిగిలిన ఏళ్ళతో భాగించి చూస్తే ఏది నిజంగా చవకో తెలుస్తుంది. దుకాణంలో ఈ లెక్క ఎవరూ చేసి చూపించరు.

మరి ప్యాచ్‌లు ఇంకా వస్తున్న పాత ఫోనుకూ, కొత్త ఫోనుకూ భద్రతలో తేడా లేదా? ఉంది. కొన్ని రక్షణలు సాఫ్ట్‌వేరుతో రావు, చిప్‌లోనే ఉండాలి. మొదటిది తాళానికి కాపలా కాసే ప్రత్యేక భాగం. ఆరు అంకెల పిన్‌కు పది లక్షల అవకాశాలు ఉంటాయి. మనిషికి అది పెద్ద సంఖ్య గాని కంప్యూటరుకు కాదు. అందుకే తప్పు పిన్ కొట్టిన కొద్దీ నిరీక్షణ సమయాన్ని పెంచుతూ పోయే విడి భాగాన్ని అమర్చారు. ఐఫోన్ 5ఎస్‌లో 2013లోనే ఇటువంటిది వచ్చింది. పిక్సెల్ 3లో 2018లో టైటాన్ ఎం అనే విడి చిప్ వచ్చింది. ఫోను పోగొట్టుకున్నవారికి దీని విలువ తెలుస్తుంది.

రెండవది మెమరీ ట్యాగింగ్. దీన్ని కొంచెం వివరంగా చూద్దాం. క్రోమ్ బ్రౌజరులో దొరికిన తీవ్రమైన భద్రతా లోపాలలో దాదాపు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చినవేనని గూగుల్ 2020లో తెలిపింది. తనది కాని జాగాలో ప్రోగ్రాము రాయడం, వదిలేసిన జాగాను మళ్ళీ తనదే అనుకుని వాడటం అటువంటి తప్పులు. గుడి బయట చెప్పుల స్టాండును గుర్తుకు తెచ్చుకోండి. గూటికి ఒక నంబరు బిళ్ళ తగిలించి, అదే నంబరున్న బిళ్ళ మన చేతికి ఇస్తారు. రెండూ కలిస్తేనే చెప్పులు ఇస్తారు. మెమరీ ట్యాగింగులో కూడా ప్రతి 16 బైట్ల జాగాకు నాలుగు బిట్ల గుర్తు ఒకటి ఉంటుంది. అంటే మొత్తం 16 రకాల గుర్తులు. ఆ జాగాను సూచించే చిరునామాలో కూడా అదే గుర్తు ఉండాలి. జాగా చేతులు మారినప్పుడు గుర్తును మారుస్తారు. పాత బిళ్ళ పట్టుకుని వచ్చిన ప్రోగ్రామును ప్రాసెసరు అక్కడికక్కడే ఆపేస్తుంది. గుర్తులు పదహారే కనుక అప్పుడప్పుడు తప్పు బిళ్ళ కూడా కలిసిపోవచ్చు. అయినా దాడి చేసేవాడికి ప్రతి అడుగులోనూ పట్టుబడే భయం ఉంటుంది. పిక్సెల్ 8 చిప్‌లో ఈ సౌకర్యం ఉంది. యాపిల్ సంస్థ ఈ పద్ధతిపై ఆధారపడిన రక్షణను 2025 సెప్టెంబరులో ఐఫోన్ 17తో తెచ్చింది. పాత ఫోనుకు ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఇది రాదు.

ఈ రెండవ రకం రక్షణ ఎవరికి అవసరం? ఎవరి నుంచి కాపాడాలన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోనే దీనికి ఉదాహరణ ఉంది. 2019 అక్టోబరులో వాట్సాప్ సంస్థ ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్ఎస్ఓ గ్రూపుపై అమెరికాలో దావా వేసింది. పెగసస్ అనే నిఘా సాఫ్ట్‌వేరుతో దాదాపు 1,400 మంది ఫోన్లపై దాడి జరిగిందని ఆరోపణ. వాట్సాప్ నుంచి హెచ్చరిక అందుకున్నవారిలో బస్తర్‌లో పనిచేసే బేలా భాటియా, న్యాయవాది శాలినీ గేరా ఉన్నారు. ఆ దాడిలో వాట్సాప్ కాల్ వస్తే చాలు, ఎత్తనక్కరలేదు. 2021 అక్టోబరు 27న, మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం పెగసస్ ఆరోపణలపై నిపుణుల కమిటీని నియమించింది. పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింటిలో హానికర సాఫ్ట్‌వేరు కనిపించిందని, అది పెగససేనని నిర్ధారణ కాలేదని 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.

న్యాయవాదులు, విలేకరులు, హక్కుల కార్యకర్తలు వంటివారికి అటువంటి దాడి నిజమైన ప్రమాదం. వారు ఐఫోనులో 2022లో వచ్చిన లాక్‌డౌన్ మోడ్ వాడుకోవచ్చు. లేదా పిక్సెల్ ఫోనులో గ్రాఫీన్ ఓఎస్ అనే ఉచిత వ్యవస్థ వేసుకోవచ్చు. మెమరీ ట్యాగింగును అది బాగా ఉపయోగించుకుంటుంది. దానిలో కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయకపోవచ్చు. వారికి ఆ ఇబ్బంది భరించదగినదే.

మామూలు కుటుంబానికి ప్రమాదం వేరే దారిలో వస్తుంది. పెళ్ళి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో పేరు పెట్టి వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతారు. దాన్ని నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఎస్ఎంఎస్‌లు, వాటితోపాటు ఓ.టి.పి.లు దొంగ చేతికి పోతాయి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఇటువంటి బయటి యాప్‌లకు కొన్ని కీలక అనుమతులు సులభంగా దొరకకుండా అడ్డు పెట్టారు. కనుక ఈ విషయంలో కూడా కొత్త వ్యవస్థ కొంత మేలే. కాని ఫోనులో పోలీసు అధికారినని బెదిరించేవాడికి మనమే డబ్బు పంపితే ఆపగల చిప్ ఏదీ లేదు. అటువంటిది జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

"భద్రతా ఫోను" అని పేరు పెట్టుకున్నవాటి చరిత్ర కూడా కొంత తెలుసుకోండి. 2014లో బ్లాక్‌ఫోన్ వచ్చింది. దాని వెనుక ఉన్నవారిలో పి.జి.పి. రూపకర్త ఫిల్ జిమ్మర్‌మన్ ఒకరు. అంతటి పేరున్న ఫోనులోనే, 2015 జనవరిలో, ఒక్క సందేశంతో చొరబడగల లోపం బయటపడింది. దాన్ని వెంటనే సరిదిద్దారు. అనామ్ కథ ఇంకా విచిత్రం. నేరస్థులు రహస్య సంభాషణల కోసం కొన్న ఆ ఫోన్ల వ్యవస్థను నడిపింది అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బిఐయేనని 2021 జూన్‌లో తెలిసింది. పెట్టె మీద రాసినదాన్ని నమ్మి కొంటే ఏమవుతుందో వారిని అడగాలి.

కొత్త ఫోను ఇంటికి వచ్చాక పాతదాన్ని అలాగే అమ్మేయకండి. పాత ఫోనులోని యు.పి.ఐ. యాప్‌ల నుంచి, గూగుల్ ఖాతా నుంచి బయటికి వచ్చి, సిమ్‌ను, మెమరీ కార్డును తీసి, ఆ తరువాత ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఇటీవలి ఫోన్లలో సమాచారమంతా గుప్తీకరించి ఉంటుంది కనుక రీసెట్ చేసినప్పుడు దాని తాళంచెవి చెరిగిపోతుంది. మీరే సెకండ్ హ్యాండ్ ఫోను కొంటున్నట్లయితే *#06# నొక్కి వచ్చిన ఐఎంఇఐ నంబరును, కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాల తరువాత చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. అది దొంగ సరుకో కాదో తెలుస్తుంది. ఆ తరువాత ప్యాచ్ తేదీ చూడండి.