మడత చాకు, దాని గడియ

మన యిళ్లలో కత్తిపీటకున్న మర్యాద జేబులోని మడత చాకుకు లేదు. పెన్సిలు చెక్కటానికీ, పురికొస కోయటానికీ, ప్రయాణంలో ఒక జామపండు ముక్కలు చేయటానికీ అదే అక్కరకు వస్తుంది. అయినా కొనేటప్పుడు మనం చూచేది పిడి రంగూ, అలుగు తళుకూ మాత్రమే. నేనూ అట్లాగే తిరునాళ్లలో ఒక చాకు కొన్నాను. ఒకనాడు దాని మొనతో చెప్పుపట్టెకు చిల్లు వేయబోగా, అలుగు వెనుకకు ముడుచుకొని, పిడిని పట్టుకొన్న చూపుడువ్రేలి మీదనే వాలినది. ఆ గీత ఇప్పటికీ ఉన్నది. పదును కంటె ముందు విచారించవలసినది ఒకటున్నదని నాకు అప్పుడు తెలిసినది: తెరచిన అలుగును తెరచినట్లే నిలిపి ఉంచేది ఏది?

1964లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు శాన్ డియేగో నగరంలో, బక్ అనే కుటుంబసంస్థ ‘110’ అనే కొత్త మడత చాకును విడుదల చేసినది. వేటగాండ్రు ఒరలో పెట్టుకొనే నిలువుకత్తి చేసే పనిని మడత చాకు చేత చేయించాలన్నది వారి సంకల్పం. అప్పటికే పేరుపడిన చాకులు ఐరోపాలో రెండున్నవి.

ఒకటి స్విట్జర్లండుది. కార్ల్ ఎల్సెనర్ అక్కడి సైన్యానికి 1891లో చాకులు అందించినాడు. 1897లో అధికారుల కోసం తేలికైనదాన్ని రూపొందించినాడు. అందులో రెండవ అలుగు, బిరడా లాగే మెలిచువ్వ కూడా ఇమిడినవి. ఈ జాతి చాకులో పిడి వీపున ఉన్న కమాను, అలుగు మడమను నొక్కి పట్టుకొంటుంది. అంతకు మించిన ఒత్తిడి పడితే కమాను లొంగిపోతుంది. నా తిరునాళ్ల చాకుదీ ఇదే కులం, నాణ్యం మాట వేరు!

రెండవది ఫ్రాన్సులోని సవోయి ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ చేసిన కొయ్యపిడి చాకు. దానికి 1955లో పిడి మెడ దగ్గర చీలిక గల ఉక్కు కడియం అమర్చినారు. అలుగు తెరచి కడియాన్ని త్రిప్పితే చీలిక ప్రక్కకు తొలగి, ఉక్కు అడ్డంగా నిలుస్తుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసే యుక్తి నేను మరొకటి చూడలేదు. అయితే కడియం త్రిప్పటం మనమే జ్ఞాపకం పెట్టుకోవాలి. వానలో తడిస్తే కొయ్య ఉబ్బి అలుగు బిగుసుకొంటుంది.

బక్ చాకు ఆ జ్ఞాపకాన్ని మనిషికి వదలలేదు. పిడి వీపున ఏతపు మ్రానువలె ఊగే ఉక్కుపట్టె ఉన్నది. దాని కొనను ఒక పన్ను, అలుగు మడమలో ఒక గాడి. అలుగు పూర్తిగా తెరుచుకోగానే పన్ను టక్కున గాడిలో పడుతుంది. పట్టె వెనుక కొసను నొక్కితేనే లేస్తుంది. ఇటువంటి గడియ అంతకు పూర్వం లేకపోలేదు గాని, దానికి విశేష ప్రచారం తెచ్చినది ఈ చాకే.

ఇక బరువు. ఇత్తడి కప్పులతో బక్ చాకు సుమారు 200 గ్రాములు తూగుతుంది. ఎనిమిదవ నంబరు ఒపినెల్ 50 గ్రాములకు లోపే. లాల్చీజేబులో వేసుకొంటే భుజం ఒరిగినట్లే, అందుకే తోలు ఒరతో అమ్ముతారు. విచిత్రమేమిటంటే, వ్రేలిని కాపాడే ఈ గడియే బ్రిటనులో దోషమైనది. 1988 నాటి చట్టం మూడంగుళాలకు మించని మడత చాకును కారణం చెప్పకుండా వెంట ఉంచుకోనిస్తుంది. గడియపడే చాకుకు ఆ మినహాయింపు వర్తించదని తరువాత న్యాయస్థానం తీర్పు చెప్పినది.

పండ్లకూ ఉత్తరాలకూ స్విస్ చాకు చాలు. మొనతో పొడిచే పని, బలంగా నొక్కే పని ఉన్నవారు మాత్రం గడియ ఉన్నదే తీసుకోవాలి. ఇంటి వాడకానికి నేను ఒపినెల్ వైపే మొగ్గుతాను, కడియం త్రిప్పే అలవాటు ఉంటేనే సుమా. బక్ తరహా చాకు ఉన్నవారు గాడిని అప్పుడప్పుడు పరీక్షించాలి. జేబులోని నూలుపీచు అందులో చేరితే పన్ను పూర్తిగా దిగదు. అగ్గిపుల్లతో పీచు తీసి, కీలుకు ఒక్క బొట్టు నూనె వేసి, వ్రేళ్లు అలుగు దారికి దూరంగా ఉంచి, అలుగు వీపును ఒక చెక్కకు మెల్లగా ఒత్తి చూడండి.