పాటకు ముసలితనం ఎక్కడినుంచి వస్తుంది?

పోరాట పాట ఆ పూటకే పనికొస్తుంది, కాలాన్ని అంటని కళ మాత్రమే కలకాలం నిలుస్తుంది అనే మాట మన సాహిత్య చర్చల్లో తరచుగా వినిపిస్తూ వుంటుంది. ఒకప్పటి వరంగల్ జిల్లాలో భాగమై, 2016లో వేరు జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పాటను పరిశీలిస్తే ఈ సూత్రం నిలవదని నా వాదన.

‘బండెనక బండి కట్టి’ సంగతే చూద్దాం. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట అది. జనగామ ప్రాంతం ఆ పోరాటానికి పురిటిగడ్డ. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాట ఎదిరించిన నిజాం రాజ్యం 1948 సెప్టెంబరులో కూలిపోయింది. పై సూత్రం ప్రకారం పాట కూడా అక్కడితో ముగియాలి. కాని 1980లో విడుదలైన ‘మాభూమి’ చిత్రంలో గద్దర్ గొంతున అది మళ్లీ లేచింది. 2014లో రాష్ట్రం ఏర్పడేదాకా ఉద్యమ సభల్లో మోగింది. నిజాం పేరు విన్న శ్రోతకు తన కాలపు పాలకుణ్ణి ఊహించుకోవటం కష్టం కాలేదు.

ఎందువల్ల? దాని వరస శిక్షణ లేని గొంతుకు కూడా అందుతుంది. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవచ్చు. అధికారాన్ని నిర్వచించే పని పెట్టుకోకుండా, కదిలివచ్చే బండ్ల బారును కళ్లకు కడుతుంది. అదే పోరాటంలో పుట్టిన పాటలన్నీ ఇలా బతకలేదు. తీర్మానాన్ని తెచ్చి తాళంలో ఇరికించిన పాట ఆ తీర్మానంతోపాటే మరుగున పడింది.

మరి పాత వాసన ఎక్కడినుంచి వస్తుంది? చాలాసార్లు బాణీకంటే వాద్యధ్వనినుంచే వస్తుంది. 1983లో యమహా కంపెనీ డీఎక్స్-7 అనే కీబోర్డును విడుదల చేసింది. అందులో ముందే అమర్చిన ధ్వనులను దేశదేశాల సంగీతకారులు వాడుకున్నారు. అందరూ ఒక్కసారే వాడిన ధ్వని అందరికీ ఒక్కసారే పాతబడుతుంది. ఆనాటి పాటల దశాబ్దాన్ని మనం వినగానే పోల్చుకోవటానికి ఇదొక కారణం.

మహబూబాబాద్ తండాల్లో తీజ్ పండుగకు లంబాడీ ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు పాడతారు. ఆ పాటలే ఇప్పుడు కీబోర్డుతో, డీజే దరువుతో రికార్డయి వస్తున్నాయి. నాలుగేళ్ల కిందటి రికార్డు అప్పుడే వెలిసిపోయినట్టు వుంటుంది. గుండ్రంగా తిరుగుతూ పాడే పాటకు ఆ బెడద లేదు. జానపదం పవిత్రమని నేను అనటం లేదు. పాడే మనిషి ప్రతి ఏడూ పాటను తన కాలానికి సరిచేసుకుంటుంది. రికార్డుకు ఆ శక్తి లేదు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ప్రసిద్ధికి తెచ్చిన ఒగ్గుకథలోనూ ఇదే జరుగుతుంది. మల్లన్న కథ పాతదే. కథకుడు జనాన్ని చూసి అల్లే మాట మాత్రం ఆ రాత్రిది.

భూపాలపల్లి మరో ప్రశ్న వేస్తుంది. అక్కడ సింగరేణి బొగ్గుగనులున్నాయి. నాటు వేసేవాళ్లు ఒక వరసలో వంగినప్పుడు పాటకు చోటుంది. యంత్రాల మోతలో ఆ చోటు లేదు. పొలంలో నాటు యంత్రం దిగినా ఇదే పరిస్థితి. అలా ఆగిపోయిన పాటను ‘పాతబడింది’ అని విమర్శకుడు కొట్టిపారెయ్యటం అన్యాయం. పాతబడటం వేరు, నిలువనీడ పోవటం వేరు. ఆ పాటను వేదిక ఎక్కించి ముద్దు చేసినంత మాత్రాన శ్రమజీవితం దానికి తిరిగి రాదు. గని కార్మికుడు షిఫ్టు దిగి గేట్ మీటింగులో ఎక్కడ గొంతు కలుపుతాడో అక్కడే కొత్త పాట పుట్టాలి.

కాలాతీతమైన పాట ఏదీ లేదు. మళ్లీ మళ్లీ కాలంలోకి దిగివచ్చిన పాటలే వున్నాయి. అందుచేత శాశ్వతత్వం కోసం రచయిత తన కాలపు సమస్యను వదులుకోనక్కరలేదు. దొర పేరూ చెప్పవచ్చు, ఊరి పేరూ చెప్పవచ్చు. తన తర్వాత పాడబోయే గొంతుకు ఆ పాటలో చోటు వుంచాడా లేదా అన్నదే విమర్శకుడు వెయ్యవలసిన ప్రశ్న.