ఫోన్లో డాక్టరు, చెత్తబుట్టలో సెన్సరు

ఫోన్లో డాక్టరుతో మాట్లాడితే ప్రయాణం తప్పుతుంది, ప్రయాణం తప్పితే పెట్రోలు మిగులుతుంది, కాబట్టి మొబైల్ వైద్యం పర్యావరణానికి మేలు అంటారు. కొన్నిచోట్ల అది నిజమే. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో ఉపగ్రహ సాయంతో టెలిమెడిసిన్ మొదలైనప్పుడు, అక్కడి రోగికి పెద్దాస్పత్రులున్న చెన్నై నూటయాభై కిలోమీటర్ల పైమాట. ఉత్తర స్వీడన్‌లో కారెక్కి ఆస్పత్రికి వెళ్లే బదులు వీడియోలో సంప్రదిస్తే ఉద్గారాలు 40 నుంచి 70 రెట్లు తగ్గాయని 2014లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ లెక్కను తెచ్చి హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండకు వర్తింపజేయబోతే కుదరదు. ప్రిన్సెస్ ఎస్రా ఆస్పత్రి ఆ పేటలోనే ఉంది. పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి దూరమేమీ కాదు. చార్మినార్, నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియాకు వెళ్లినా దాదాపు మూడు కిలోమీటర్లే. ఇక్కడ రోగి కారులో వెళ్లడు. నడుస్తాడు, షేర్ ఆటో ఎక్కుతాడు, లేదా ఎవరి బండి వెనకో కూర్చుంటాడు.

ఆ బండి లెక్కే చూద్దాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి మీద ఉస్మానియాకు పోయి వస్తే 275 గ్రాములు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం గంటసేపు వీడియో చూస్తే దాదాపు 36 గ్రాములు, అంటే పావుగంట సంప్రదింపుకు పది గ్రాములు కూడా కాదు. ఇంతవరకూ ఫోనుదే గెలుపు. కానీ ఆ ఫోను తయారవడానికి ఎంతయింది? ఐఫోన్ 14 జీవితకాలపు ఉద్గారాలు 61 కిలోలని ఆపిల్ సంస్థే ప్రకటించింది, అందులో 80 శాతం దాకా తయారీలోనే. ఆ 61 కిలోలను తప్పించిన బండి ప్రయాణాలతో పూడ్చాలంటే 220కి పైగా ప్రయాణాలు తప్పాలి. అంత జబ్బు ఎవరికీ రాకూడదు! చౌక ఫోన్లకు అంకె మారవచ్చు గానీ, బరువు తయారీ వైపే ఉంటుంది. రోజూ పూర్తిగా చార్జింగ్ పెట్టినా ఫోనుకు ఏడాదికి తొమ్మిది యూనిట్ల కరెంటు చాలు. బొగ్గు వాటాయే ఎక్కువున్న మన కరెంటుకు యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున వేసుకున్నా ఆరేడు కిలోలకు మించదు.

డాక్టరు కోసమని ఫోను ఎవరు కొంటారు, పాటలకూ పైసలు పంపడానికీ కొన్న ఫోనే కదా వైద్యానికీ వాడుతున్నది, అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన మాటే. చేతిలో ఉన్న ఫోనుతో చేసే వైద్యం మీద ఆ 61 కిలోలూ మోపడం అన్యాయం. అసలు భారం మొదలయ్యేది ఆరోగ్యం పేరుతో కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడు, లేదా పాత ఆండ్రాయిడ్‌లో యాప్ పనిచేయడం మానేసి బాగున్న ఫోనునే మూలన పడేయించినప్పుడు. మరమ్మతు సంగతీ చూడండి. శాలిబండలో నూరేళ్లు దాటిన గడియారపు స్తంభం ఉంది. ఆ కాలపు గడియారం ఆగితే విప్పి చక్రాలు సరిచేయవచ్చు. గుండె చప్పుడు లెక్కపెట్టే చేతి గడియారంలో బ్యాటరీని జిగురుతో అతికిస్తారు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఎంతటి ఫోనునైనా విప్పగల చేతులున్నాయి, కానీ విప్పడానికి వీల్లేకుండా చేసిన వస్తువు ముందు ఆ చేతులూ ఏం చేయగలవు?

ఈ కథంతా ఒక చిన్న బిళ్లలో కనిపిస్తుంది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. భుజానికి అంటించుకుంటే రక్తంలో చక్కెర ఎంతుందో ఫోనుకు చెబుతుండే సెన్సరు బిళ్లలు మందుల షాపుల్లోకి వచ్చాయి. వీటిలో బాగా తెలిసిన రకం పద్నాలుగు రోజులే పనిచేస్తుంది. అంటే ఒక్క మనిషికి ఏడాదికి 26 బిళ్లలు, ప్రతిదానిలో ఒక బ్యాటరీ, ఒక చిప్పు. ఇన్సులిన్ మీద బతికే పసివాడికి అది ప్రాణం, అక్కడ కర్బన లెక్క తీయడమే తప్పు. షుగరు లేనివాళ్లు బిర్యానీ తిన్నాక అంకె ఎంత లేచిందో చూసి మురవడానికి అంటించుకుంటే మాత్రం అడగాల్సిందే. తీసేశాక అది ఎక్కడికి పోతుంది? 2023 ఏప్రిల్ నుంచి అమలైన ఈ-వ్యర్థాల నిబంధనల్లో వైద్య పరికరాలకు చోటు దొరికింది, కానీ ఒంట్లో అమర్చినవాటినీ రోగకారకాలు అంటినవాటినీ మినహాయించారు. చర్మంలోకి దిగిన ఈ బిళ్ల ఏ గంపలోది? కబాడీవాలాకు పనికిరాదు, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ ఇమడదు. 2022లో ప్రపంచం పారేసిన 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాల్లో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది 22.3 శాతమే. మిగతాదాంట్లో కొంత వైర్లు కాల్చి రాగి తీసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకీ, యాసిడ్ వంపిన నేలలోకీ పోతుంది.

పేదవాడి ఫోను మీద ఈ నీతులెందుకు అని ఇంకో అభ్యంతరం. బయటికి వెళ్లలేని ముసలివాళ్లకూ, తోడు లేకుండా గడప దాటలేని ఆడవాళ్లకూ ఫోన్లో దొరికే డాక్టరు విలువ గ్రాముల్లో తూచేది కాదు. అందుకే ఈ ప్రశ్న రోగిని కాదు, యాప్ రాసేవాళ్లనూ పరికరాలు కొనే ప్రభుత్వాన్నీ అడగాలి. వాళ్లకు నమూనా ఈ ఊళ్లోనే ఉంది. 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు తెరిచారు, అదే ఏడు తెలంగాణ డయాగ్నస్టిక్స్ మొదలైంది. బస్తీల్లో తీసిన రక్తం నమూనాలు కలిపి వాహనాల్లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ప్రయోగశాలకు వెళ్లేలా, ఫలితం రోగి ఫోనుకు ఎస్సెమ్మెస్‌గా వచ్చేలా దాన్ని రూపొందించారు. ఎస్సెమ్మెస్‌కు బటన్ల ఫోను చాలు, పదేళ్ల పాతదైనా సరే. ఇక ఆ సెన్సర్ల సంగతి. వాడేసిన బిళ్లలు వెనక్కి తీసుకోవడానికి ప్రతి మందుల షాపులో ఒక మూత డబ్బా పెట్టించవచ్చు. దాని ఖరీదు ఒక్క సెన్సర్ ధర కంటే తక్కువే.